అరికాలికి తెలియని వేడి

మా మామగారు పోయారు. పోయిన వారం పొద్దున్నే లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారు. నేను గ్లాసు తెచ్చేసరికి తల ఒక పక్కకి వాలి ఉంది. కునుకు పట్టిందనుకుని, "మామయ్యా, చల్లారిపోతోంది" అని పిలిచాను. పలకలేదు. భుజం మీద చెయ్యి వేశాక గానీ నాకు తెలియలేదు.

కబురు విని వచ్చినవాళ్ళంతా ఎలా జరిగిందని అడిగారు. అందరికీ ఒకే మాట చెప్పాను, తన కాళ్ళ మీద తను నడిచి వచ్చి కూర్చుని పోయారని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో దుఃఖంతోపాటు ఏదో నెగ్గిన ధోరణి కూడా వినపడిందేమో, పెద్దవాళ్ళు ఒకరిద్దరు నా మొహం వంక అదోలా చూశారు. చూస్తే చూడనీ. ఆయనకి యాభై దాటకముందే ఒక డాక్టరు ఆ కుడికాలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడు. మొన్నటి పొద్దుటి వరకూ ఆ కాలు ఆయన దగ్గరే ఉంది. ఏడిచాను, ఏడవకుండా ఎలా ఉంటాను. కానీ ఏడుపుకంటే ముందు, అమ్మయ్య, గట్టెక్కాం అనిపించింది. అలా ఎందుకనిపించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను పెళ్ళయి చీమకుర్తి వచ్చేనాటికి ఆయనకి ఒక పాత లారీ ఉండేది. ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని, తనే డ్రైవరై, తోడుగా ఒక క్లీనరుని పెట్టుకుని నడిపేవారు. మిరపకాయల కాలంలో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పత్తి కాలంలో మిల్లులకి పత్తి, మధ్యలో ఖాళీ ఉంటే మా ఊరి క్వారీల రాయి. మా ఆయనకి రాయి కోసే మిషను దగ్గర పని, నాకు చిన్న బళ్ళో టీచరు ఉద్యోగం. ఇంట్లో మా అందరికంటే ఎక్కువ మర్యాద మాత్రం ఆ లారీకే జరిగేది. "మనిషికి జొరమొస్తే అడగడు గానీ, దానికి పొగొస్తే అన్నం మానేస్తాడు" అని అత్తయ్య ఆయన వినేలాగే అనేది. ఆయన విననట్టే ఉండేవారు.

ఆయన చెప్పులు లేకుండా బండి నడిపేవారు. ఆ రోజుల్లో చాలామంది డ్రైవర్లు అంతే, క్యాబిన్ ఎక్కగానే చెప్పులు విడిచి సీటు కిందకి తోసేవారు. మేం చర్చిలోకి చెప్పులతో ఎలా వెళ్ళమో, ఆయన స్టీరింగు ముందుకి కూడా అలా వెళ్ళేవారు కాదు. అయితే అందులో భక్తి సగమే, మిగతా సగం విద్య. పాత లారీల్లో ఇంజను సగం క్యాబిన్‌లోకే చొచ్చుకుని ఉంటుంది, డ్రైవరు పక్కనే, ఇనుప మూత కింద. ఆ మూతకి ఒకసారి ఈ అరికాలు, ఒకసారి ఆ అరికాలు ఆనించి, లోపల ఇంజను ఎంత వేడిగా ఉందో ఆయన చెప్పేవారు. "అరికాలు అబద్ధమాడదమ్మాయ్" అనేవారు.

పెళ్ళయిన కొత్తలో నన్ను పొదిలిలో మా పుట్టింట్లో దింపడానికి ఆ లారీలోనే తీసుకెళ్ళారు. కొత్త కోడలు మిరపకాయలు మోసే బండిలో పుట్టింటికి పోవడమేమిటని అత్తయ్య సణిగింది. నాకు సరదాగానే ఉంది, తుమ్ములు తప్ప. దారిలో ఉన్నట్టుండి బండి పక్కకి తీసి, "కాగతంది" అన్నారు. నాకైతే చప్పుడులో తేడా ఏమీ తెలియలేదు. ఇంజను ఆపి, కాసేపు ఆగి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తీసేసరికి ఆవిరి బుస్సుమంది. క్లీనరు పక్క చేలో మోటారు దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి పోశాడు. ముందర వేడి చూపించే గేజీ ఉంది కదా, అది చూసుకోవచ్చు కదా అని అడిగాను. దాని ముల్లు ఎడమ పక్కకి ఒరిగి పడుకుని ఉంది. "అది నేను కొన్ననాటి నించీ నిద్రలోనే ఉంది. దాన్ని లేపి మాత్రం ఏం జేస్తాం" అన్నారు.

ఆ లారీ దగ్గర నేర్చుకున్న మాటల్నే ఇంట్లో కూడా వాడేవారు. ఒకసారి నేను హెడ్మాస్టరుతో గొడవపడి ఇంటికి వచ్చాను. పిల్లలు మధ్యాహ్నం ఎండలో నిలబడి డ్రిల్లు చెయ్యాలని ఆయన పట్టు, చెయ్యకూడదని నా పట్టు. అన్నం తినకుండా మళ్ళీ వెళ్ళి నాలుగూ అడిగి కడిగేద్దామని బయలుదేరుతుంటే మామగారు గుమ్మానికి అడ్డంగా మంచం వాల్చుకుని పడుకున్నారు. "కాగేదాని మూత తియ్యమాకమ్మాయ్. చల్లారినాక తీద్దువు" అన్నారు. కోపంతోనే అన్నం తిన్నాను. మర్నాడు వెళ్ళి మామూలుగా మాట్లాడాను, డ్రిల్లు పొద్దుటిపూటకి మారింది. ఆ తర్వాత ఎన్ని చోట్ల ఆ మాట నన్ను కాపాడిందో చెప్పలేను. అత్తయ్య దగ్గర మాత్రం ఆ సూత్రం ఆయనకే పనిచేసేది కాదు. ఆవిడ చల్లారేది ఎప్పుడు గనక.

ఒక ఏడు వేసవికి ముందు రేడియేటరు విప్పించి, లోపల మా ఉప్పునీళ్ళకి పేరుకున్న సున్నమంతా గీకించారు. అక్కడి నుంచి బండి వేడెక్కడం తగ్గిందన్నారు. మొదట్లో మామూలుగా అన్నారు, రాను రాను గొప్పగా అన్నారు. ఎండలు ముదిరేకొద్దీ ఇంజను ఇంకా చల్లబడుతోందట. చలివేంద్రం కుండలా ఉందని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవారు. ఆఖరికి ఒక ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు.

మా చర్చిలో జ్వరం తగ్గినా, బిడ్డ పుట్టినా, పిల్లవాడు పరీక్ష పాసైనా, లేచి నిలబడి దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పడం అలవాటు. ఇంజను గురించి సాక్ష్యం చెప్పింది మాత్రం నాకు తెలిసి మా మామగారొక్కరే. రోడ్డు మీద తారు కరిగే ఎండలో కూడా బండి మూత మీద కాలు పెడితే చల్లగా ఉంటోందనీ, ఇది మెకానిక్కులవల్ల అయ్యే పని కాదనీ చెప్పారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ గట్టిగానే అన్నాను. వెనక వరసలో కూర్చున్న క్లీనరు ఒక్కడే నోరు మెదపలేదు. అతను ఆ వేసవంతా క్యాబిన్‌లో తన కాళ్ళ కింద తడిగోనె వేసుకుని ప్రయాణం చేస్తున్నాడని మాకు తర్వాత తెలిసింది. అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, యజమాని గుడిలో లేచి చెప్పినదాన్ని నేనెట్టా కాదంటానన్నాడు. అతనిది కూడా న్యాయమే.

ఆ సాక్ష్యం చెప్పి ఎన్నాళ్ళో కాలేదు. మిర్చి లోడుతో గుంటూరు వెళుతుంటే చిలకలూరిపేట దాటాక, మిట్టమధ్యాహ్నం, లారీ ఆవిరి కక్కి నిలబడిపోయింది. ఇంజను పైభాగంలో అతుకు మధ్య వేసే గాస్కెట్టు పట్టీ కాలిపోయింది. సరుకు వేరే బండికి ఎక్కించి, మా బండిని ఇంకో లారీకి కట్టి ఊరికి లాక్కొచ్చారు. ఆయన మొహంలో బాధకంటే తికమక ఎక్కువ కనపడింది. "కాలికి తెలియకుండా ఎట్టా కాగిద్ది?" అని మా ఆయన్ని అడిగారు, అత్తయ్యని అడిగారు, నన్ను అడిగారు.

పొదిలి రోడ్డులో షెడ్డున్న బాజీ ఇంజను బాగుచేశాడు. మామగారిని బాబాయ్ అని పిలిచేవాడు, మా ఇంట్లో చనువుగా తిరిగేవాడు. గేజీ పనిచెయ్యకుండా ఈ బండిని మళ్ళీ రోడ్డెక్కనివ్వనని అతను పట్టుబట్టాడు. మా ఆయనా అతని పక్షమే. అత్తయ్య ఎవరి పక్షమూ కాదు, అందరినీ కలిపి తిట్టింది. మామగారు చివరికి ఒప్పుకున్నారు గానీ, గేజీ మీద నమ్మకంతో కాదు, దాన్ని ఓడించాలని. "పెట్టరా. నా కాలు చెప్పేది నిజమో, నీ ముల్లు చెప్పేది నిజమో తేల్చుకుందాం" అన్నారు.

వేడిని కనిపెట్టే ఇత్తడి ముక్క, ఇప్పుడు దాన్ని సెన్సారంటున్నారు, మామూలుగా ఇంజనుకే బిగించి ఉంటుంది. మా లారీకి అది ఎప్పుడో విరిగి సగం లోపలే తుప్పుపట్టి ఉండిపోయింది. దాన్ని తియ్యబోతే ఇంజను పగులుతుందేమోనని బాజీ భయపడ్డాడు. అందుకని, ఇంజనులోంచి రేడియేటరుకి వేడినీళ్ళు పోయే పై హోస్ పైపులో పెడదామన్నాడు. ఆ లావు రబ్బరు పైపుని మధ్యలో కోసి, రెండు ముక్కల నడుమ లేతు మిషను మీద చేయించిన ఇనప గొట్టం దూర్చి, ఆ గొట్టానికి మరలున్న కన్నం పెట్టి, అందులో సెన్సారు బిగించడం. అంతే పని.

మా ఇంటి ముందే, వేపచెట్టు నీడలో పెట్టుకున్నారు ఆ కార్యక్రమం. బడికి వేసవి సెలవులు కాబట్టి నేను గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ చూస్తున్నాను. వీధిలో పనిలేనివాళ్ళంతా అక్కడే ఉన్నారు, పనున్నవాళ్ళు కూడా కొందరున్నారు. నిక్షేపంలాంటి పైపుని బాజీ కత్తి పెట్టి కోస్తుంటే మామగారు చూడలేక తల తిప్పుకున్నారు. బాజీ గొట్టాన్ని రెండు ముక్కల్లోకీ దూర్చి, అటూ ఇటూ క్లిప్పులు బిగించి, సెన్సారు మరలకి దారం చుట్టి బిగించి, దాని మీంచి గేజీకి వైరు లాగాడు. నీళ్ళు నింపి ఇంజను స్టార్టు చేశారు. ఎంతసేపు నడిచినా ముల్లు కదల్లేదు.

అప్పుడు చూడాలి మా మామగారి వైభోగం. నీ ముల్లు కూడా చల్లగానే ఉందంటోంది కదరా అని బాజీని ఆట పట్టించారు. జనం నవ్వారు. బాజీ బండి చుట్టూ తిరిగి, పైపు దగ్గర నిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. రెండు పక్కలా రబ్బరు, నడుమ ఇనప గొట్టం. బండి ఇనుముతో దానికి సంబంధమే లేకుండా పోయింది, ఇక కరెంటు తిరిగి పోవడానికి ఎర్తు ఎక్కడిది? ఇంజనుకి బిగించేటప్పుడు ఎర్తు దానంతటదే తగులుతుంది కాబట్టి అతనికి ఆ సంగతి తట్టలేదు. గొట్టానికి ఒక వైరు తగిలించి, రెండో కొస తీసుకెళ్ళి ఛాసిస్‌కి, అంటే బండి కింది ఇనప చట్రానికి, బిగించాడు. ఆ తర్వాత మామగారు బాజీని పక్కన కూర్చోబెట్టుకుని, పొదిలి రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి తిరిగొచ్చారు.

వచ్చేసరికి ముల్లు సగం దాటి ఎర్రగీత వైపు జరిగి ఉంది. ఇంజను ఆపకుండానే వాదన మొదలైంది. బండి బాగా వేడెక్కిందని బాజీ, కాలి కింద మంచులా ఉందని మామగారు. కుడికాలు ఇంజను మూతకి ఆనించే ఉంచి, "అబద్ధాల ముల్లు పెట్టావురా" అన్నారు. నేను వాళ్ళిద్దరికీ మజ్జిగ తీసుకెళ్ళాను. ఫుట్‌బోర్డు ఎక్కి గ్లాసు అందిస్తుంటే ఆయన నన్ను సాక్షిగా పిలిచారు. టీచరు అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం.

"చెయ్యి పెట్టి చూడమ్మాయ్. చల్లగా ఉందో లేదో వీడికి నువ్వే చెప్పు."

ఆయన కాలి పక్కనే మూత మీద అరచెయ్యి ఆనించాను. ఆనించానో లేదో లాక్కున్నాను. రెండో చేతిలో మజ్జిగ గ్లాసు జారి క్యాబిన్‌లో పడింది. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది, మంట కళ్ళలోకి ఎక్కింది. ఆయన నా చేతి వంక చూశారు. నా చెయ్యి ఉన్న చోటికి బెత్తెడు దూరంలో ఆయన కాలు ఇంకా అలాగే ఆని ఉంది. ఆయన దాన్ని తియ్యలేదు. తియ్యాలని ఆ కాలికి తెలియలేదు.

"నిజంగా కాలిందా అమ్మాయ్?" అన్నారు.

"కాలింది మామయ్యా. మీరు ముందు కాలు తియ్యండి."

ఆయన రెండు చేతులతో ఆ కాలు పట్టుకుని, ఎవరిదో వస్తువు ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టుకున్నారు. బాజీ ఇంజను ఆపేశాడు. ఆయన కొంచెంసేపు గేజీ వంక చూసి, "అయితే అది మొదట్నించీ కాగతానే ఉందిరా" అన్నారు. కిందకి దింపి, కాలు కడిగి చూశాం. బొటనవేలి కింద పాత బొబ్బ చితికి, లోపలికంటా పుండు పడి ఉంది. దాన్ని ఆయన ఎన్నాళ్ళుగా తొక్కుకుంటూ తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు, ఆయనకి అసలే తెలియదు.

మర్నాడు ఒంగోలు తీసుకెళ్ళాం. షుగరన్నారు. అత్తయ్య నమ్మలేదు, ఆయన కాఫీలో చక్కెర కూడా తక్కువే వేసుకుంటారు కదా అని డాక్టరుతో వాదించింది. షుగరు ముదిరి కాళ్ళలో నరాలు మొద్దుబారాయని డాక్టరే ఓపిగ్గా చెప్పాడు. ఇంజను చల్లబడటం కాదు, కాలికి తెలియడం తగ్గిపోయింది. ఎడమకాలికి కాస్త తెలుస్తోంది, కుడికాలికి దాదాపు లేదు. పుండు ఎముకకి తగిలినా, చుట్టూ ఉన్న నలుపు పైకి పాకినా పాదం తీసెయ్యక తప్పదనీ, కొద్దిరోజులు చూస్తేగానీ చెప్పలేననీ అన్నాడు. ఆ మాట వినగానే మామగారు కిటికీ వైపు తిరిగారు. డాక్టరు వెళ్ళాక మా ఆయన్ని దగ్గరికి పిలిచి, "లారీ అమ్మమన్నా అమ్ముతా. కాలు లేకుండా నన్ను ఇంటికి తీసకపోమాక" అన్నారు.

ఆసుపత్రిలో ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కాంపౌండరు పొద్దున్నే వచ్చి పుండు కడిగి, చచ్చిన చర్మం కత్తెరతో తీసేవాడు. ఆయన పక్కకి చూస్తూ క్లీనరుతో మిర్చి సంగతులు మాట్లాడుతూ ఉండేవారు, ఏమీ తెలియక. మేము గుమ్మం దగ్గర నిలబడి ఆయన మొహమే చూసేవాళ్ళం. ఎక్కడో ఒకచోట కాస్త నొప్పి పుట్టాలని చూసేవాళ్ళం. అయినవాళ్ళకి నొప్పి రావాలని ఎవరైనా కోరుకుంటారా? మేం ప్రార్థన కూడా చేశాం. ఒక పొద్దున కత్తెర కొంచెం లోపలికి పోగానే, "అబ్బా, చంపావురా నాయనా" అని ఆయన వార్డంతా వినపడేటట్టు అరిచారు. అత్తయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆపుకోలేకపోతోంది. పక్క మంచాలవాళ్ళు మమ్మల్ని ఏ రకం మనుషులనుకున్నారో.

నొప్పి తెలిసిన ఆ చోటి నుంచి పైకంతా ప్రాణం ఉందన్నాడు డాక్టరు. ఆ మాటతో మాకూ ప్రాణం లేచొచ్చింది. నలుపు పైకి పాకలేదు. పుండు మెల్లగా పూడింది. మందులు, పథ్యం, ఇంటికి వచ్చాక కూడా కట్లు, అవన్నీ మామూలే. కాలు మాత్రం నిలిచింది. మనిషి ఇంటి గుమ్మంలోకి నడిచి వచ్చిన రోజు అత్తయ్య వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పింది. తిట్టకుండా ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

మళ్ళీ చర్చికి వెళ్ళిన ఆదివారం ఆయన లేచి నిలబడ్డారు. కాలు బాగుపడ్డందుకు సాక్ష్యం చెబుతారని అందరం అనుకున్నాం. "పోయినసారి నేను చెప్పిన సాక్ష్యం తప్పు" అని మొదలుపెట్టారు. "దేవుడు నా ఇంజను చల్లబరచలా. నా కాలు మొద్దుబారింది. తెలియకపోవటాన్ని నేను మేలనుకున్నా. మా కోడలి చెయ్యి కాలితేగానీ నాకు తెలియలా. ఆ చెయ్యి కాల్చినందుకు దేవుడికి స్తోత్రం." అని కూర్చున్నారు. ఆమెన్ అనాలో వద్దో సంఘానికి అర్థం కాలేదు. ముందుగా అన్నది క్లీనరు. ఆ తర్వాత అందరం అన్నాం. నాకైతే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు, అరచేతిలో ఇంకా పొర ఊడుతోంది.

డ్రైవింగు మానమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒకరోజు ఆయనే లారీ తాళాలు క్లీనరు చేతిలో పెట్టారు. అతనికి లైసెన్సు ఎప్పటి నుంచో ఉంది. "కాలికి తెలియనోడు బ్రేకు మీద కాలు పెట్టకూడదు. ఎవర్నో చంపినాక తెలిస్తే ఏం లాభం" అన్నారు. పత్తి కాలంలోనూ మిర్చి కాలంలోనూ పక్క సీటులో కూర్చుని బండి వెంట వెళ్ళేవారు, కాళ్ళకి మేజోళ్ళు, బూట్లు తొడుక్కుని. ముల్లు కాస్త పైకి జరిగితే ఆపించేవారు. ఒకప్పుడు అబద్ధాల ముల్లన్నదాన్ని రోజూ గుడ్డపెట్టి తుడిచేవారట, క్లీనరు నవ్వుతూ చెప్పాడు. అరికాలు అబద్ధమాడదన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. "ఒళ్ళు కూడా మనిషిలాంటిదేనమ్మాయ్, అప్పుడప్పుడూ బొంకుద్ది. పక్కనోణ్ణి అడిగి చూసుకోవాల" అనేవారు.

ఆయన అడిగి చూసుకున్న ఆ పక్కనోణ్ణి నేనే. పాదాలు రోజూ చూసుకోవాలని డాక్టరు చెప్పాడు. అత్తయ్యకి కళ్ళు సరిగా ఆనేవి కావు, మా ఆయన పని నుంచి వచ్చేసరికి వెలుగు ఉండేది కాదు. నేను బడి నుంచి రాగానే, పొద్దు వాలే వెలుగులో, ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు చాచేవారు. మొదట్లో కోడలి చేత కాళ్ళు పట్టించుకోవడం సిగ్గై తువ్వాలు మొహం మీద కప్పుకునేవారు. పోను పోను అది మంచినీళ్ళు తాగినంత మామూలు పనైపోయింది. "గేజీ చూడమ్మాయ్" అని పిలిచేవారు. నేను పీట వేసుకుని వేళ్ళ సందులు, మడమలు, అరికాళ్ళు చూసి, ఏమీ లేదు మామయ్యా అనేదాన్ని. ఒకసారి తుమ్మ ముల్లంత గాజుపెంకు దొరికింది, ఒకసారి బూటు కొరికిన మచ్చ. ఎప్పటికప్పుడు చూసుకున్నాం కాబట్టి ఏదీ పుండు కాలేదు. అత్తయ్య వెళ్ళిపోయింది. లారీ వెళ్ళిపోయింది. మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆ సాయంత్రపు పని మాత్రం సాగుతూనే ఉంది.

నేను రిటైరయ్యాక నాకూ షుగరు వచ్చింది. అదేమంత విశేషం కాదు, మా వీధిలో లేనిది ఎవరికి? ఆయనకి చెప్పకూడదనుకున్నాను. మాత్రలు చూసి కనిపెట్టేశారు. ఆ సాయంత్రం ఆయన పాదాలు చూడటం అయ్యాక నేను లేవబోతుంటే, కూర్చోమని కుర్చీ చూపించారు. ఆయన లేచి, గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ మెల్లగా నా పీట మీద కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి.

"కాళ్ళు ఇట్టా పెట్టమ్మాయ్."

కుర్చీలో కూర్చున్నదాన్ని కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. మామగారి చేత కాళ్ళు పట్టించుకున్న కోడలు మా జిల్లా మొత్తంలో ఉంటుందా? వద్దు మామయ్యా, నాకు పాపం చుట్టుకుంటుందన్నాను.

"నా అరికాలు నాకు కనపళ్ళా. నీదీ నీకు కనపడదు. పాపం సంగతి నేను పైకి పోయినాక మాట్టాడుకుంటాలే, నువ్వు కాలు పెట్టు."

వీధిలో పోతున్న ఎదురింటావిడ గేటు దగ్గర ఆగిపోయి నోరు తెరుచుకుని చూసింది. ఆయన తల ఎత్తకుండానే, బండి చూస్తున్నాం పొమ్మన్నారు. కళ్ళజోడు ముక్కు మీదకి జరుపుకుని, నా పాదం తన ఒళ్ళో పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టిన చెయ్యి, బొటనవేలు ఇంకా గరుకుగానే ఉంది. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మడమ వరకూ ఒక్కో చోటా నొక్కుతూ, నొక్కిన ప్రతిచోటా ఆగి నా మొహంలోకి చూశారు.

"ఇక్కడ తెలస్తందా?"

"తెలుస్తోంది మామయ్యా."

"ఇక్కడ?"

"తెలుస్తోంది."

ఆయన తల ఊపి, ఆ పాదాన్ని కింద పెట్టకుండా ఒళ్ళోనే ఉంచుకుని, రెండో పాదం కోసం చెయ్యి చాచారు.